తొలి బండి – కాయకము, దాసోహము

విజయదశమి నాడు కామారెడ్డి బజారులలోను, ఎల్లారెడ్డి వీధులలోను వాహనములకు జరుగు పూజ చూడముచ్చటగా నుండును. తెల్లవారకముందే బండ్లను కడిగి, బంతిపూల దండలు వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలు ఉంచి, కొబ్బరికాయ కొట్టుదురు. లింగాయతుల ఇండ్లలో ఇంటి పెద్ద మూడు వ్రేళ్లకు విభూతి నద్దుకొని బండి ముందు భాగమున త్రిపుండ్రము దిద్దును. ఆ ఒక్క దినము బండి ఇంటిలోని మనిషితో సమానము. అయితే సంవత్సరమున మిగిలిన 364 దినములు ఆ బండికి ఏ పూజ జరుగుచున్నది? ఆ పూజను చేయువాడు ఎవడు? అందులోను, ఆ ఇంట మీసము మొలవని కుమారుడు ఒకడుండి, అది వాని కొరకు కొన్న తొలి బండియే అయినచో, ఆ పిల్లవానికి పెద్దలు నేర్పవలసిన పూజావిధానము ఏది? ఇది చిన్న ప్రశ్నగా తోచును. కాని దీని వెనుక ప్రాణములకు సంబంధించిన ధర్మవిచారము ఉన్నది.

ఈ ప్రాంతము పొలములను, అంగడులను కలుపు బండ్లపై బ్రతుకు ప్రాంతము. మంజీరానదిపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగర్ వలన ఇచట వరి, చెరకు పండినవి. కామారెడ్డి బెల్లపు వ్యాపారమునకు పేరు పొందినది. ఒకప్పుడు ఈ సరకులన్నియు ఎడ్లబండ్లపై సాగెను. పిమ్మట ట్రాక్టర్లు వచ్చెను. 2005లో ‘చోటా హాథీ’ యని జనులు ముద్దుగా పిలుచుకొను టాటా ఏస్ విపణిలోనికి వచ్చినది మొదలు చిన్న సరకుల బండ్లు పల్లె పల్లెకు చేరినవి. పికప్పులు, ట్రాలీలు లేని ఊరు నేడు అరుదు. కూరగాయలు, పాలు, ఎరువు, సిమెంటు, పెండ్లి సామాను అన్నియు వానిమీదనే పోవును. కనుక చదువు ముగియు వయసున ఉన్న పిల్లవాడు సొంత పికప్పును గూర్చి కలలు కనుట వింత కాదు; తప్పును కాదు. తన కాళ్లపై తాను నిలువవలెనన్న కోరిక కాయకమునకు తొలి మెట్టు.

తాళపుచెవి కంటె ముందు గుడ్డ

ఎల్లారెడ్డి పరిసరములలోని ఒక రైతు కుటుంబమును ఉదాహరణముగా ఊహింతురు గాక. కుమారునికి పదునేడేండ్లు. తండ్రి కొంత అప్పు చేసి, కొంత పంట సొమ్ము కూర్చి, ఒకరు వాడిన పికప్పును కొనెను. బండి వాకిట నిలిచిన నాటి సాయంకాలమే కుమారుడు తాళపుచెవి కొరకు చేయి చాచెను. “పొలం దాకనే గద బాపూ, ఒక్కసారి తోలి వస్త” అని వాని మాట. ఆ చేతిలో తాళపుచెవి పెట్టుటకు తండ్రి మనసు ఎంత త్వరపడునో సంతానము గలవారందరికిని తెలిసినదే.

చట్టము ఇచట స్పష్టముగా ఉన్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివాడు కారు తోలరాదు; సరకుల బండివంటి రవాణా వాహనమును 20 ఏండ్లు నిండనివాడు బహిరంగ ప్రదేశమున తోలరాదు. 2019లో వచ్చిన సవరణ మరింత కఠినమైనది. మైనరు బండి నడిపి నేరము చేసినచో, సంరక్షకునికి లేదా బండి యజమానికి 3 ఏండ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జుల్మానా పడును. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ పిల్లవానికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు పొందు అర్హత ఉండదు. అనగా తండ్రి ఒక సాయంకాలపు ముద్దు కొరకు ఇచ్చిన తాళపుచెవి, కుమారుని జీవనోపాధినే ఏండ్ల తరబడి మూసివేయగలదు.

అయితే ధర్మవిచారము శిక్షాభయముతో ఆగరాదు. పోలీసులు లేని చోట ఏమి చేయవలెనన్నదే ధర్మము. పదునేడు మొదలు ఇరువది వరకు గల మూడేండ్లను నిరీక్షణగా గాక దీక్షగా ఎట్లు మార్చవలెనన్నది అసలు ప్రశ్న. దీనికి శరణుల మార్గమున చక్కని సమాధానము కలదు: చేతికి తాళపుచెవి రాకముందే చేతికి గుడ్డ రావలెను.

కాయకము అను మాటకు కేవలము కూలి పని యని అర్థము కాదు. దేహముతో చేయునది, న్యాయముగా ఆర్జించునది, లోకమునకు అవసరమైనది, ఫలమును సమాజముతో పంచుకొనునది కాయకము. పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుని చుట్టును చేరినవారు తమ పనిముట్లతోడనే పేరు పొందిరి. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్లు పేనినవాడు. మడివాళ మాచయ్య బట్టలు ఉతికినవాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి పడినను చందయ్య పనిని విడువలేదని శరణుల కథలలో ప్రసిద్ధము. పనిముట్టును నిర్లక్ష్యము చేసి లింగమును మాత్రము పూజింతునన్నవానికి ఆ కథలో చోటు లేదు. త్రాడు తెగినచో బావిలో పడునది నీరు చేదువాని కడవ. కనుక త్రాడు గట్టిగా పేనుటయే ఆ ఎరుగని మనిషికి చేయు సేవ. పికప్పును చూచుకొనుటయు అట్టిదే.

బండిని చూచుకొనుట యనగా ఏమి? ఉదయము ఇంజను చల్లగా నున్నప్పుడు, బండి సమతలమున నిలిపి, కొలత కడ్డీ తీసి ఆయిలు చూచుట. బ్రేకు నూనె తగ్గినదా యని చూచుట. తగ్గినచో పోసి ఊరకుండక, ఎక్కడ కారినదో వెదకుట. వేడిగా నున్న రేడియేటరు మూత తీయకుండుట. టైరులలో గాలిని పరుగుకు ముందే, చల్లగా ఉన్నపుడే కొలుచుట; స్టెప్నీని మరువకుండుట. చక్రపు బోల్టులను పానతో సరిచూచుట. కమాను పట్టీలలో పగులు ఉన్నదా యని వంగి చూచుట. వెనుక దీపములు, బ్రేకు దీపము వెలుగుచున్నవో లేదో మరియొకనిని వెనుక నిలిపి తెలిసికొనుట. ఎరుపు రిఫ్లెక్టరుపై మట్టిని తుడుచుట. చివరిగా కాగితములు: రిజిస్ట్రేషను, భీమా, ఫిట్‌నెసు, కాలుష్య ధ్రువపత్రము, వాని గడువు తేదీలు.

ఈ పనులలో ఒక్కదానికిని లైసెన్సు అక్కరలేదు. పదునేడేండ్ల పిల్లవాడు ప్రతి ఉదయము ఇవి చేయవచ్చును. తండ్రియో, జీతమునకు కుదిరిన డ్రైవరో బండి తోలుచుండగా, ప్రక్కన కూర్చుండి దారిని, మలుపులను, ఎదుటివాని తొందరను గమనింపవచ్చును. ఇట్లు వేయి ఉదయములు గడిచిన పిమ్మట తాళపుచెవి తానై వాని చేతికి వచ్చును. అప్పటికి బండి వానికి బొమ్మ కాదు. తన చేతితో ఎరిగిన యంత్రము.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. బండిని కడుగుటలో రెండు విధములు కలవు. మెరుపు కొరకు కడుగువాడు ఒకడు. పగులు కొరకు కడుగువాడు మరియొకడు. ఇద్దరి చేతిలోను ఉన్నది అదే గుడ్డ, అదే నీరు. మొదటివాడు కడిగిన పిమ్మట బండినుండి నాలుగడుగులు వెనుకకు జరిగి చూచుకొనును; రెండవవాడు బండి క్రిందికి వంగి చూచును. మొదటివానికి తరువాత కావలసినవి రంగు దీపములు, గట్టి హారను, పాటల పెట్టె. రెండవవానికి కావలసినవి మంచి బ్రేకులు. పిల్లవాడు ఏ విధమున కడుగుచున్నాడో చూచుటయే తండ్రి చేయవలసిన పరీక్ష.

31వ బస్తా

బండి చేతికి వచ్చిన పిమ్మట తొలి శోధన మోతతో వచ్చును. ప్రతి సరకుల బండికిని మోయదగిన బరువు రిజిస్ట్రేషను పత్రమునుండియే తెలియును. పూర్తి మోతతో ఉండదగిన బరువునుండి ఖాళీ బండి బరువును తీసివేసిన మిగులునదే అనుమతించిన మోత. ఒక బండికి అది 1,200 కిలోలు అనుకొన్నచో, 40 కిలోల వడ్ల బస్తాలు 30 పట్టును. 31వ బస్తా వేసినను బండి కదలును. 40వ బస్తా వేసినను కదలును. అదే ప్రమాదము. యంత్రము వెంటనే కాదనదు. పట్టీలు కొంచెము కుంగును, టైరులు కొంచెము ఎక్కువ వేడెక్కును, ఆగవలసిన చోట బండి కొంచెము ముందుకు పోయి ఆగును. వేగము రెండింతలైనచో బ్రేకు వేసిన పిమ్మట బండి ఆగుటకు పట్టు దూరము సుమారు నాలుగింతలగును. దానికి మితిమీరిన బరువు తోడైనచో చెప్పవలసినదే లేదు. ఆ ‘కొంచెము’ల మొత్తము ఒకనాడు దారి దాటు ముసలివాని దగ్గర లెక్క తేల్చును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ వీరశైవుల ఇండ్లలో తెలియనివారు లేరు. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వండి, జంగములకు పెట్టి జీవించుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది తమది కాదని, తీసికొనిపోయి తెచ్చినచోటనే విడిచి రమ్మని భర్తను పంపెను. ఎక్కువ తెచ్చుట కష్టపడుటయే కదా యని లోకము అనుకొనును. కాని ఆ పిడికెడు బియ్యములో ఆశ యొక్క తొలి గింజను ఆ తల్లి చూచెను.

ఆ పిడికెడు బియ్యమునకును ఈ 31వ బస్తాకును భేదము లేదు. “ఒక్క బస్తాకు ఏమగును?” అను మాటలోనే అంతయు ఉన్నది. అప్పు వాయిదా గడువు దగ్గరపడినది. ఒక కిరాయిలోనే రెండు కిరాయిల సరకు పంపుదునని బేరగాడు ఆశ చూపుచున్నాడు. ప్రక్క బండివాడు వేయుచున్నాడు. ఇవి అబద్ధములు కావు. కాని కొలత తెలిసిన ఇంటిలో లక్కమ్మవంటి ఒక కంఠము ఉండవలెను. ఆ కంఠము తల్లిది కావచ్చును, చెల్లెలిది కావచ్చును, పిల్లవాని అంతరంగముదే కావచ్చును.

ఖాళీ బండి, నిండు మొగమాటము

బస్తాల శోధన కంటె కఠినమైనది మనుష్యుల శోధన. బేరగానికి కాదని చెప్పుట సులభము. మేనత్తకు కాదని చెప్పుట కష్టము. జాతర వచ్చును, పెండ్లి వచ్చును, చావు వచ్చును. చుట్టపక్కాలు ఇరువది మంది ఉందురు. బస్సు వేళకు రాదు. వాకిట పికప్పు నిలిచియుండును. “బండి ఖాళీగనే పోతది గద బిడ్డా, మమ్ముల గూడ ఎక్కించుకో” అందురు. ఈ మాటకు ఎదురు చెప్పగల యువకుడు ఎవడు? చెప్పినచో, బండి రాగానే కండ్లు నెత్తికెక్కినవందురు. చెప్పకున్నచో, మంచి పిల్లవాడందురు, చేతులెత్తి దీవింతురు. వాడును ఇది సేవయే యనుకొనును. శరణ మార్గమున పెరిగిన పిల్లవానికి దాసోహము అను మాట ఉగ్గుపాలతో వచ్చినది. ఉన్నదానిని పంచుకొనుమని, అడిగినవారిని త్రోసిపుచ్చవద్దని విన్నాడు. కనుక వాని సందేహము నిజమైనది: వద్దనుట దాసోహమునకు విరుద్ధము కాదా?

ఈ సందేహమునకు సమాధానము చెప్పుటకు ముందు ఒక దినమును స్మరింపవలెను. 2022 మే 8వ తేదీన పిట్లం మండలమునకు చెందిన ఒక బంధువర్గము, మరణానంతర ఆచారము నిమిత్తము ఎల్లారెడ్డికి వచ్చి, చిన్న సరకుల బండిలో తిరిగి పోవుచుండెను. అందులో ఇరువది మందికి పైగా ఉండిరి. నిజాంసాగర్ మండలము హసన్‌పల్లి వద్ద ఆ బండియు ఒక లారీయు ఢీకొనెను. తొమ్మిది మంది ప్రాణములు కోల్పోయిరి, అనేకులు గాయపడిరి. ఒక చావునకు దుఃఖము తీర్చుకొన వచ్చిన ఇండ్లలోనే మరల తొమ్మిది చావులు. ఆ దినమున ఎవరిది తప్పు, ఎంత తప్పు అని తూచుట ఈ వ్యాసమునకు పని కాదు. ఆ బండి ఎక్కినవారు నేరస్థులు కారు. ఈ ప్రాంతమున ప్రతి కుటుంబమును ఏదో ఒకనాడు అట్టి బండి ఎక్కినదే. అందువలననే ఆ దినము అందరిదియు.

బస్తాలు మోయు బండి మనుష్యులను ఎందుకు మోయరాదు? దాని వెనుక తొట్టిలో ఆసనము లేదు, పట్టీ లేదు, పట్టుకొనుటకు కడ్డీ లేదు. ప్రక్క పలకలు మోకాలి ఎత్తునో, నడుము ఎత్తునో ఉండును. కట్టిన బస్తా మలుపులో కదలదు. నిలిచిన మనిషి ఊగును. ఇరువది మంది ఒక్కసారిగా ఒక ప్రక్కకు ఒరిగినచో బండి తూకమే మారిపోవును. ఢీ జరిగిన క్షణమున కారులోని మనిషిని ఆపుటకు పట్టీ ఉండును. తొట్టిలోని మనిషిని ఆపునది రోడ్డు మాత్రమే. ఇంకొక సంగతి పల్లెలలో పలువురికి తెలియదు. సరకుల బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికులకు పరిహారము చెల్లించు బాధ్యత భీమా సంస్థపై లేదని 2002లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సరకుతోపాటు పోవు సరకు యజమాని, లేదా అతని ప్రతినిధి సంగతి వేరు. అనగా మేనత్తను ప్రేమతో ఎక్కించుకొన్న యువకుడు, ఆమె పిల్లలకు రేపు పరిహారము కూడ దక్కని చోట ఆమెను కూర్చుండబెట్టినాడు.

ఇప్పుడు దాసోహము అను మాట యొక్క అర్థమును చూడవలెను. ‘నేను దాసుడను’ అనుటయే దాసోహము. దాసుడు సేవ చేయును, నిజమే. కాని ఎవరికి దాసుడు? ఎదుటివానిలోని ప్రాణమునకు, అందున్న శివునకు దాసుడు. ఎదుటివాని తొందరకు దాసుడు కాడు. రోగి అడిగినదెల్ల పెట్టు వంటవాడు మంచి వంటవాడు కాడు. అడిగినది ఇచ్చుట మొగమాటము. మేలైనది ఇచ్చుట దాసోహము. పైకి రెండును ఒకే రీతిగ కనబడును. మొగమాటము తన పేరును కాపాడుకొనును. దాసోహము ఎదుటివాని ప్రాణమును కాపాడును. మేనత్త దీవెన పోవునేమో యన్న భయముతో తలయూచిన యువకుడు, నిజమునకు తనకు తానే సేవ చేసికొనుచున్నాడు.

అంబిగర చౌడయ్య కాయకమును తలచినచో ఇది మరింత స్పష్టమగును. పడవ నడుపువానికి తన పడవ ఎందరిని మోయునో తెలియును. రేవున నిలిచినవారందరును తనవారే కావచ్చును, అందరికిని తొందర ఉండవచ్చును. అయినను నిండిన పడవను చూచి “తరువాతి దఫా” అనవలసిన అధికారము, బాధ్యత పడవవానివి. ఆ ఒక్క మాట చెప్పలేనివాడు తెడ్డు ఎంత నేర్పుగా వేసినను పడవవాడు కాజాలడు. పడవ తోలుట ఒడ్డునుండి కదిలిన పిమ్మట కాదు, ఒడ్డుననే మొదలగును. పికప్పు తోలుటయు అట్లే. తాళపుచెవి త్రిప్పుటకు ముందే, ఎవరు ఎక్కవలెను, ఎవరు ఎక్కరాదు అని నిర్ణయించు చోట మొదలగును.

పంచాచారములలో భృత్యాచారము వినయమును నేర్పును. గణాచారము సమాజమునకు హాని కలుగునపుడు ఊరకుండరాదని నేర్పును. ఈ రెండును కలిసినచోట యువకుని మాట పుట్టవలెను. వాడు కసరుకొనరాదు, చట్టము చూపి పెద్దలను చిన్నబుచ్చరాదు. “అత్తా, ఈ బండి బస్తాలకే. మీకు వేరే బండి మాట్లాడ్త, పైసలు నేను గూడ ఏస్త” అనవలెను. ఈ మాటలో వద్దనుటయు ఉన్నది, దాసోహమును ఉన్నది.

అడుగువారి ధర్మము

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. అది న్యాయమైనది. కారు ఉన్నవారు ఇట్టి నీతులు చెప్పుట సులభము. కూలివారు ఏమి చేయుదురు? పల్లెకు బస్సు దినమునకు ఎన్ని మార్లు వచ్చును? ఇరువది మందికి కిరాయి బండి మాట్లాడుటకు సొమ్ము ఎచటిది? చావు ఇంట లెక్కలు చూచుకొనుచు కూర్చుందురా?

ఈ ప్రశ్నలను త్రోసివేయుట అధర్మము. పేదరికము వలన కలిగిన అపాయమును పేదవాని తప్పుగా చూపరాదు. కాని ఈ ఆక్షేపణ నుండి తేలునది, పికప్పు ఎక్కింపవలెనని కాదు. ఈ భారమును ఇరువదేండ్ల పిల్లవాని ఒక్కని భుజముపై పెట్టరాదని. వద్దను మాటను వాడు చెప్పవలసి వచ్చినదనగా, అడుగరానిది పెద్దలు అడిగిరన్నమాట. అడుగుటకును ఒక ధర్మము కలదు. ఎదుటివాడు కాదనలేడని తెలిసి అడుగుట బలవంతముతో సమానము. మేనమామ, మేనత్త, ఊరి పెద్ద, మఠపు అయ్యగారు అడిగినపుడు పిల్లవానికి కాదను స్వేచ్ఛ ఎంత ఉండును? కనుక మొదటి నిగ్రహము అడుగువారిది.

ఇందుకు సమాజముగా చేయదగినవి పెక్కు కలవు. ఏదియును కొండ త్రవ్వు పని కాదు. పెండ్లి ఖర్చు వ్రాసికొను నాడే, బాజాకు, వంటకు వ్రాసినట్లు, ప్రయాణికుల బండికి ఒక పద్దు వ్రాసికొనవచ్చును. ఆర్టీసీ వారు పెండ్లిండ్లకు, యాత్రలకు బస్సులను అద్దెకిత్తురు. కామారెడ్డిలోను, బాన్సువాడలోను డిపోలు కలవు. జాతరకు పోవు నాలుగు కుటుంబములు కలిసినచో తలకు పడు సొమ్ము తగ్గును. చావువంటి అకాల సందర్భములకు మాత్రము ముందుగా ఏర్పాటు ఉండవలెను. ఊరి లింగాయత సంఘము దాసోహనిధిలో ఒక భాగమును ఇందుకు కేటాయించినచో, అన్నదానము ఎంతటి పుణ్యమో ఇదియు అంతటిదే. భోజనము పెట్టి పంపిన అతిథి ఇంటికి క్షేమముగా చేరుట కూడ దాసోహములోని భాగమే కదా. మఠములలో జాతర ప్రకటనలు చేయునపుడు, పూజావేళలతోపాటు సరకుల బండ్లలో రావద్దను ఒక మాట అయ్యగారి నోటినుండి వచ్చినచో, పదిమంది యువకులు పది ఇండ్లలో చెప్పలేక బాధపడు మాట సులభమగును. పిల్లవానికి బదులుగా మఠము వద్దనినట్లగును. దీనికి మించిన గణాచారము ఏమున్నది?

ఇక తండ్రి సంగతి. బండి ఇంటికి తెచ్చిన నాడే అతడు బంధువుల ఎదుట ఒక్కసారి చెప్పి యుంచవలెను: ఈ బండి సరకులకే, మా పిల్లవానిని మనుష్యుల కొరకు అడుగవద్దు అని. తండ్రి ముందుగా చెప్పిన మాట ఇంటి నియమము. కుమారుడు తరువాత చెప్పిన మాట పొగరు. మాట ఒక్కటే, చెప్పిన వేళను బట్టి దాని పేరు మారును. కుమారుని మంచిపేరును కాపాడు భారము తండ్రిది. కొందరు తండ్రులు బండి వాయిదాలు కట్టుటతో తమ బాధ్యత తీరినదనుకొందురు. అసలు వాయిదా ఇది.

కదలునదంతయు జంగమము కాదు

నిలిచియున్నది స్థావరము, కదలునది జంగమము. రాతిగుడి కంటె నడచు భక్తుడే మిన్న యని చాటిన మార్గము ఇది. బసవేశ్వరుడు వసించిన కల్యాణము, నేటి బసవకల్యాణము, ఉన్న బీదరు జిల్లా మీదుగా సాగి వచ్చు మంజీర నీరే నిజాంసాగరములో నిలిచి ఈ ప్రాంతపు పొలములకు పారుచున్నది. ఆ నీటివలెనే ఆ మాటయు ఇచటికి పారినది. తెలుగున పాల్కురికి సోమనాథుడు బసవపురాణముగా నిలిపెను. అయితే కదలుచున్నది కదా యని పికప్పును జంగమము అనవచ్చునా? అనరాదు. ఎరుక లేని కదలిక దొర్లు రాయి వంటిది. కొండ మీది రాయి కూడ క్రిందికి కదలును. దానిని జంగమమని ఎవరును మ్రొక్కరు, ప్రక్కకు తొలగుదురు. బండికి కదలికను ఇచ్చునది ఇంజను. ఆ కదలికను జంగమముగ మార్చునది తోలువాని ఎరుక. ఆ ఎరుక ఉన్న చోట, చిన్న పికప్పు రైతు పంటను అంగడికి, పాలను పట్టణమునకు, మందులను ఆపదలో ఉన్న ఊరికి చేర్చు శివకార్యమగును. ఎరుక లేని చోట, ఎన్ని విభూతి రేఖలు దిద్దినను అది వాకిట నిలిచిన ఆడంబరము, లేదా దారిపై దొర్లు రాయి.

కనుక వచ్చు విజయదశమి నాడు తొలి బండికి పూజ చేయించు తల్లిదండ్రులు ఒక పని చేయుదురు గాక. కొబ్బరికాయ కొట్టిన పిమ్మట, తాళపుచెవిని దండతోపాటు వ్రేలాడదీయక, వయసు నిండిన కుమారుని పిలిచి మూడు ప్రశ్నలు అడుగుదురు గాక. ఈ ఉదయము బండి క్రిందికి వంగి ఏమి చూచితివి? 31వ బస్తాను ఎట్లు దింపుదువు? మేనత్త ఎక్కుదునన్నపుడు ఏమందువు? మొదటి ప్రశ్నకు సమాధానము చేతులనుండి రావలెను. రెండవది ఆశను గెలిచిన మనసునుండి రావలెను. మూడవది ప్రేమనుండి రావలెను. మూడింటికిని సమాధానము చెప్పగలవానికి తాళపుచెవి ఇయ్యవచ్చును. చెప్పలేనివానికి మరికొంత కాలము గుడ్డయే మేలు. ఆ గుడ్డ పట్టుటలో అవమానము లేదు, అదియు కాయకమే.

హసన్‌పల్లి దారిన నేడును బండ్లు పోవుచున్నవి. ఎల్లారెడ్డి అంగడికి వచ్చువారు వచ్చుచున్నారు, సాయంకాలము ఇండ్లకు మరలుచున్నారు. ఏదో ఒక వాకిట, ఈ సాయంకాలమే, ఒక పెద్దామె ఖాళీ పికప్పు వైపు చూచి నోరు తెరవబోవుచుండును. ఆమె అడుగకుండుట ఒక దాసోహము. అడిగినచో, ఆ యువకుడు నవ్వుచు వద్దని, తన జేబులోని పది రూపాయలు ముందుగా తీసి బస్సు ఖర్చునకు వేయుట మరియొక దాసోహము.